ఆగడం కూడా నేర్చుకుందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ, సింగ్‌నగర్. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా పెద్దమ్మాయి బీకామ్ ఆఖరి సంవత్సరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇల్లు కూడా మునిగింది. పిల్ల పుస్తకాలు, సర్టిఫికెట్లు, నా రెండు కుట్టుమిషన్లు బురదపాలయ్యాయి. ఆ తర్వాత దానికి సరిగా నిద్ర పట్టేది కాదు. చినుకు పడితే లేచి కూర్చునేది. ఆ చలికాలంలో పక్కింటి అమ్మాయి కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేస్తుంటే తోడుగా బసవపున్నయ్య స్టేడియానికి వెళ్లింది. ఈవెంట్స్ అయిపోగానే ఆ అమ్మాయి మానేసింది, మాది మానలేదు.

ఇప్పుడు రోజూ నాలుగున్నరకే లేస్తుంది. ఒకరోజు ఐదు కిలోమీటర్లు, ఒకరోజు ఎనిమిది, ఆదివారమైతే పన్నెండు. మంచి మార్పు రాలేదని అనను. ముందు మార్కులు దాచేది. మొన్న ఒక సబ్జెక్టు పోతే తనే వచ్చి, "అమ్మా, పోయింది. నేనే సరిగా చదవలేదు, సప్లీ కడతాను" అంది. చెల్లెలికి లెక్కలు చెబుతోంది. కానీ కొన్ని చూస్తే భయమేస్తుంది. తెనాలిలో మా తమ్ముడి కూతురి పెళ్లికి వెళితే, తలంబ్రాలు అయ్యీ అవకముందే తెల్లవారుజాము రైలుకి వెళ్లిపోతానని గొడవ పెట్టుకుంది. జ్వరంలోనూ పరిగెత్తింది. ఆగమంటే ఏడుస్తుంది. మా ఆయనేమో "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు, చదువు చూసుకోమను" అంటారు. మా అక్క "నల్లబడింది, చిక్కిపోయింది, రేపు సంబంధాలెలా" అంటుంది. ఇప్పుడు 21 కిలోమీటర్ల పరుగుకి పేరిస్తానంటోంది. ఇది ఎదుగుతోందా మేడమ్, ఆ నీళ్ల నుంచి ఇంకా పారిపోతోందా? (మూడు నెలలుగా నెలసరి కూడా రావడం లేదు. పరిగెత్తేవాళ్లకి మామూలేనంటుంది.)

– ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీరు చివర్లో బ్రాకెట్లో పెట్టిన మాటతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

మూడు నెలలు నెలసరి రాకపోవడం పరిగెత్తేవాళ్లకి మామూలు కాదు. మీ అమ్మాయి దీన్ని కావాలని దాచడం లేదు. గ్రౌండ్‌లో ఒకరి నుంచి ఒకరికి వచ్చే మాట అది. నేను పరిగెత్తే రోజుల్లో మాకు సీనియర్లూ అదే చెప్పారు, మేమూ నమ్మాం. కొందరైతే బాగా ప్రాక్టీసు చేస్తున్నామనడానికి అదే గుర్తు అనుకునేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఇంట్లో రాబడి తగ్గితే మీరేం చేస్తారు? బియ్యం, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు ఆగకుండా చూసుకుని, కొత్త చీర, గోడలకి సున్నం లాంటివి వాయిదా వేస్తారు. ఒళ్లూ అంతే. పరుగుకి ఖర్చయ్యేదానికి తగినంత తిండి లోపలికి రాకపోతే, గుండె, ఊపిరితిత్తులు, మెదడు నడవడానికి కావలసింది పక్కన పెట్టుకుని, నెలసరి నడిపే హార్మోన్ల పనిని వాయిదా వేస్తుంది. ఆ హార్మోన్లలో ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలు పలచబడతాయి. ఇరవై ఏళ్లంటే ఎముక ఇంకా గట్టిపడుతున్న వయసు. ఇప్పుడు పోయిన గట్టిదనం మళ్లీ పూర్తిగా వస్తుందన్న నమ్మకం లేదు. ఖర్చుకి సరిపడా తిండి లేక క్రీడాకారుల ఒంట్లో వచ్చే ఈ లోటుకి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఒక పేరు పెట్టి, ఇది మగపిల్లల్లో కూడా వస్తుందని, కోచ్‌లూ డాక్టర్లూ కనిపెట్టి ఉండాలని చెప్పింది.

కాబట్టి ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. రోజూ ఎన్ని కిలోమీటర్లు పరిగెడుతోందో, ఏం తింటోందో అక్కడ తప్పకుండా చెప్పించండి. అడిగితే తప్ప పిల్లలు చెప్పరు. థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల సమస్య) లాంటి కారణాలు కూడా ఉండొచ్చు గనక వాటినీ చూస్తారు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో దాంతో తెలుస్తుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉండి నిల్వ అడుగంటిన పిల్లలు పరుగులో చాలామంది ఉంటారు. డాక్టరు సరేననేదాకా పొడుగు పరుగులూ వేగం పరుగులూ వద్దు, నడక చాలు.

తిండి సంగతి మీ చేతుల్లోనే ఉంది. పొద్దున ఖాళీ కడుపుతో పంపకండి. ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరాలో తిని వెళ్లాలి. వచ్చిన అరగంటలోపు ఏదో ఒకటి కడుపులో పడాలి. రాగి జావ, మజ్జిగ కలిపిన చద్దన్నం, పెసరట్టు, ఉడికించిన గుడ్డు, ఏదైనా మంచిదే. మీ ఇంట్లో కూడా చాలా ఇళ్లలోలాగా వచ్చీ రాగానే టీ గ్లాసు చేతికిచ్చే అలవాటుంటే, దాన్ని ఒక గంట వెనక్కి జరపండి. తిండితో పాటు టీ తాగితే ఆ తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. చిక్కిపోయిందని మీ అక్కగారు అన్నదాంట్లో ఇంతవరకు నిజముంది. నల్లబడటం గురించి మాత్రం నేనేమీ చెప్పను. ఎండ తగిలితే ఒళ్లు నల్లబడుతుంది, అందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఎదుగుతోందా, పారిపోతోందా అని అడిగారు. రెండూ జరుగుతున్నాయమ్మా, ఒకే పిల్లలో, ఒకే పొద్దుటిపూట. ఏది ఎంత వంతు అన్నదే మనం చూడాలి.

ముందు మార్కుల సంగతి చెబుతాను, మీ ఉత్తరంలో నన్ను కట్టిపడేసింది అదే. "నేనే సరిగా చదవలేదు" అంది చూశారా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నేను గుంటూరులో చదివే రోజుల్లో 3000 మీటర్లు పరిగెత్తేదాన్ని. అప్పట్లో ట్రాక్ మీద ఆడపిల్లలకి అదే పెద్ద దూరం. 400 మీటర్ల గ్రౌండ్‌లో ఏడున్నర రౌండ్లు. బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఒకసారి జిల్లా పోటీ. నా శక్తికి రౌండు 90 సెకన్లు పడాలి. పక్క కాలేజీ అమ్మాయి వెనకాల పడి మొదటి రౌండు 78లో కొట్టాను. చుట్టూ అరుపులు, చప్పట్లు. నేనింత బాగా పరిగెడతానా అని నాకే సంతోషం. ఐదో రౌండు మొదలయ్యేసరికి తొడలు రాళ్లు కట్టినట్టయ్యాయి. మలుపు దగ్గర ఒకరి తర్వాత ఒకరు నన్ను దాటిపోతుంటే వాళ్ల బూట్ల చప్పుడు వినిపించేది, తల తిప్పి చూసే ఓపిక కూడా లేదు. ఇంటికొచ్చి గాలి ఎదురొచ్చిందన్నాను, మోచెయ్యి తగిలిందన్నాను. మర్నాడు మా సార్ నోటుపుస్తకం తీయించి, ఏ రౌండుకి ఎన్ని సెకన్లో నా చేతే వరసగా రాయించారు. 78 నుంచి మొదలై 104 దాకా దిగాయి ఆ అంకెలు. మోచెయ్యి ఊసు ఎక్కడా లేదు. మొదటి రౌండులో చేసిన అప్పు, ఐదో రౌండులో కట్టిన వడ్డీ, అంతే కనిపించింది.

దూరం పరుగులో ఇది తప్పదు. వంద మీటర్లలో పొరపాటు జరిగేలోపే పోటీ అయిపోతుంది. దూరం పరుగులో చేసిన పొరపాటుతో పావుగంటో అరగంటో కాపురం చెయ్యాలి, అది కూడా ఒంటరిగా. వంక పెట్టడానికి ఎవరూ దొరకరు. ఏడాదికి పైగా రోజూ ఇలా తన లెక్క తనే చూసుకున్న పిల్లకి, సబ్జెక్టు పోయినప్పుడు పేపరు కఠినంగా ఇచ్చారు అనడానికి నోరు రాదు. మీరు చూసిన ఎదుగుదల ఇది. నిజమైనదే.

కానీ ఇది దానంతటదే ఇంట్లోకి నడిచి రాదు. గ్రౌండ్‌లో ఒక్క సెకను కూడా తప్పు రాయని పిల్లలు ఇంట్లో అబద్ధాలాడటం నా ఇన్నేళ్ల పీడీ (ఫిజికల్ డైరెక్టర్) ఉద్యోగంలో చూశాను. నిజం చెబితే వినేవాళ్లు ఇంట్లో ఉండాలి. ఆ రోజు మీరు ఏమన్నారో ఉత్తరంలో రాయలేదు. అరవకుండా విన్నారనే అనుకుంటున్నాను, లేకపోతే అంత వివరంగా మీకు తెలిసేది కాదు. కాబట్టి ఆ మార్పులో మీ వంతు కూడా ఉంది.

ఇప్పుడు రెండోది, పారిపోవడం. వరద తర్వాత నిద్రపట్టని పిల్ల పొద్దున్నే ఒళ్లు అలిసేలా పరిగెత్తి రాత్రి నిద్రపోవడం తప్పు కాదు. భయపడిన ఒంటికి కదలిక మందులా పనిచేస్తుంది. ఎదురుగా బురదపాలైన సర్టిఫికెట్లు, మీ మిషన్లు, గోడల మీద నీటి చార, వీటి మధ్య కూర్చోలేక బయటికి పరిగెత్తిందంటే నేను ఆ పిల్లని తప్పుపట్టను. మొదట్లో పారిపోవడంగానే మొదలై ఉంటుంది. పారిపోతూ వెళ్లినవాళ్లు కూడా తర్వాత నిలదొక్కుకోవచ్చు. నిలదొక్కుకుందా లేదా అని తెలుసుకోవడానికి నేను ఒక్కటే చూస్తాను. ఆ పిల్ల ఆగగలదా?

తెనాలి పెళ్లి గొడవ, జ్వరంలో పరుగు, ఆగమంటే ఏడుపు, ఇవి చదివి నాకు భయమేసింది. పెళ్లిలో ఒకరోజు పరుగు తప్పితే ఒంట్లో తగ్గేదేమీ లేదు. నాలుగైదు రోజులు మానేసినా ఓపిక చెక్కుచెదరదు. ఈ సంగతి ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది. అయినా భయం. పరిగెత్తకపోతే ఏదో జరిగిపోతుందని, మళ్లీ రాత్రి నిద్రపట్టదని. అంటే ఆ రోజుకి పరుగు పగ్గాలు పిల్ల చేతిలో లేవు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఒక అమ్మాయి 5000 మీటర్లు పరిగెత్తేది. మౌనంగా ఉండేది, ఒక్కరోజు కూడా మానేది కాదు. మిగతా పిల్లలకి ఆ అమ్మాయిని చూపించి "క్రమశిక్షణంటే ఇదీ" అనేదాన్ని. ఒకరోజు మోకాలికీ చీలమండకీ మధ్య ముందు ఎముక మీద వేలు పెట్టి, "మేడమ్, ఇక్కడ ఒక్కచోటే నొప్పి" అంది. ఎముక మీద వేలితో చూపించగలిగేంత ఒక్కచోట నొప్పంటే అక్కడ చీలిక వస్తోందేమోనని అనుమానించాలి. నేను అనుమానించలేదు. సెలక్షన్స్ రెండు వారాల్లో ఉన్నాయి, "కొంచెం ఓర్చుకో" అన్నాను. ఓర్చుకుంది. సెలక్షన్స్‌లో ఎనిమిదో రౌండులో కుంటుతూ పక్కకొచ్చి గట్టు మీద కూర్చుంది. ఎక్స్‌రేలో ఎముక చీలింది. ఆ అమ్మాయికి కూడా నెలసరి ఎన్నాళ్లుగానో రావడం లేదని ఆ తర్వాత వాళ్లమ్మగారు చెబితే తెలిసింది. నేను అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు. ఇప్పుడు టీచరుగా పనిచేస్తోంది, అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నా మీద కోపం లేదంటుంది. నాకు మాత్రం "ఓర్చుకో" అన్న మాట నోటి వరకూ వస్తే ఇప్పటికీ ఆ గట్టే గుర్తుకొస్తుంది.

అప్పటి నుంచి పిల్లల్ని వేరేగా చూడటం నేర్చుకున్నాను. బాగా పరిగెత్తిన రోజు కంటే, మెల్లగా పరిగెత్తమన్న రోజు ఏం చేస్తున్నారో చూసేదాన్ని. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి అన్నిటికంటే కష్టమైంది అదే. దూరం పరిగెత్తేవాళ్లు వారంలో ఐదు రోజులు పరిగెడితే నాలుగు రోజులు పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తాలి. మాట్లాడుతుంటే ఆయాసంతో మాట మధ్యలో తెగిపోతే వేగం ఎక్కువైనట్టు. ఆ నెమ్మది పరుగుల్లోనే గుండె ఒక్కో కొట్టుకోవడంలో ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది. పిక్కల్లో, తొడల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. కంటికి ఏమీ కనిపించదు, టైమింగ్ వారంలో మారదు, నెలలు పడుతుంది. పైగా ఊపిరి త్వరగా అలవాటుపడుతుంది, ఎముకలకీ, కండరాల్ని ఎముకలకి కట్టి ఉంచే స్నాయువులకీ ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఆయాసం రావడం లేదు కదా అని పిల్లలు దూరం పెంచేస్తారు, లోపల ఎముక ఇంకా సిద్ధం కాదు. మొదటి రెండేళ్లలో దెబ్బలు ఎక్కువగా తగిలేది ఇందుకే.

అందరూ దాటిపోతున్నా నా వేగం నాదే అని నెమ్మదిగా వెళ్లడం, ఇవాళ ఒంట్లో బాగా లేదని తనే చెప్పి పడుకోవడం ఇరవై ఏళ్ల పిల్లకి చిన్న విషయాలు కావు. రేపు ఆఫీసులో, అత్తింట్లో, ఎక్కడైనా సరే, తన ఒంటికి ఎంత పనో తను చెప్పుకోగలగాలి. నాలుగున్నరకి లేవడం అలారం నేర్పుతుంది. దీన్ని మాత్రం నేర్పేవాళ్లు తక్కువ.

ఒక నోటుపుస్తకం కొనివ్వండి. 2022లో బెర్లిన్‌లో మారథాన్‌ని 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించిన కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే కూడా రోజూ చేసిన ప్రాక్టీసుని చేత్తో నోటుపుస్తకాల్లో రాసుకుంటాడు. ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటుంది మీ అమ్మాయి. యాప్ దూరం, వేగం చెబుతుంది. రాత్రి ఎలా నిద్రపట్టిందో, ఏం తిన్నదో, నెలసరి ఎప్పుడొచ్చిందో, ఎక్కడ నొప్పిగా ఉందో, ఎందుకు మానేసిందో తన చేత్తోనే రాసుకోవాలి. మానేసిన రోజు కూడా ఒక వరస ఉండాలి, "పెళ్లి. పరుగు లేదు. బొబ్బట్లు తిన్నాను" అని. రెండు నెలల తర్వాత ఆ పేజీలు తిరగేస్తే పరుగు తప్పిన రోజులకీ నిద్రపట్టని రాత్రులకీ సంబంధం ఉందో లేదో తనకే కనిపిస్తుంది. ఉంటే, చినుకు పడ్డప్పుడు ఇంకా లేచి కూర్చుంటుంటే, పరుగొక్కటే దానికి మందు కాదు. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఊరంతా మునిగిన వరద అది. ఆ భయం ఏడాది దాటి ఉండటంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీ వారి సామెత సంగతి. ఆయన అన్నదాన్ని నేను కొట్టిపారేయను. రోజంతా లేత్ ముందు నిలబడి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషి, నిలబడి నీళ్లు తాగడం విలువ ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? పరుగు కూడు పెడుతుందా అన్నది ఆయన అసలు భయమైతే, ఉన్నదున్నట్టు చెబుతాను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మీరట్ దగ్గరి రైతుబిడ్డ పారుల్ చౌదరి 5000 మీటర్లు 15 నిమిషాల 14.75 సెకన్లలో పరిగెత్తి స్వర్ణం గెలిచింది. ముందురోజే అడ్డంకులు, నీటిగుంట దాటుతూ పరిగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో రజతం తెచ్చుకుని, మర్నాడు చివరి కొన్ని మీటర్లలో జపాన్ అమ్మాయిని దాటింది. ఆ స్థాయికి చేరేవాళ్లు కోట్లలో ఒకరు, అదీ చిన్నప్పటి నుంచి ట్రాక్ మీద పెరిగినవాళ్లు. ఏడాది కిందట మొదలుపెట్టిన మీ అమ్మాయి పతకాలు తెస్తుందని నేను ఆశ పెట్టను. స్పోర్ట్స్ కోటా మీద లెక్కలు వేసుకోవద్దు. బీకామ్ బాగా పూర్తిచేసి, సప్లీ గట్టెక్కి, ఆ చదువుతోనే బతకాలి. పరుగు పాల కోసం కాదని ఆయనకు చెప్పండి. నీళ్లు తాగడానికైనా తన కాళ్ల మీద తను నిలబడాలి కదా, ఆ కాళ్ల కోసం.

మాటలకంటే ఒక పని చేయించండి. ఆయన్ని ఒక్క ఆదివారం స్టేడియానికి తీసుకెళ్లండి. ఉపన్యాసాలేమీ వద్దు, చేతికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఇచ్చి ప్రతి రౌండుకీ సెకన్లు చదవమనండి. మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా పట్టుకునే చెయ్యి ఆయనది. కూతురి రౌండు రౌండుకీ రెండు సెకన్ల తేడా కూడా రాకుండా వస్తుంటే అది ఎంత పనితనమో ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు తెలిసిన తండ్రుల్లో చాలామంది అలాగే మెత్తబడ్డారు.

ఆడపిల్లకి ఇంత దూరమా అని చుట్టాలెవరైనా అంటే, ఆ మాట ప్రపంచమంతా చాలాకాలం అన్నదే. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 800 మీటర్ల పరుగు అవగానే, అలిసి పడిపోయారన్న సాకు చూపి, 1960 దాకా ఆ పోటీనే ఎత్తేశారు. ఆడవాళ్లకి ఒలింపిక్ మారథాన్ 1984లో గానీ రాలేదు, 5000 మీటర్లు 1996లో. నేను కాలేజీలో పరిగెత్తే రోజుల్లో ఇంకా లేని పోటీ మీ అమ్మాయికి ఇవాళ ఉంది. చుట్టాలకి ఇంతకంటే సమాధానం అక్కర్లేదు.

21 కిలోమీటర్ల సంగతి: ఇప్పుడు కాదు. ఎప్పటికీ వద్దని కాదు. నెలసరి మళ్లీ సక్రమంగా రావాలి, డాక్టరు ఒప్పుకోవాలి, ఆ తర్వాత మళ్లీ తక్కువ దూరంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి. పేరిచ్చేది ఏదైనా చలికాలంలోదే అయ్యుండాలి. మన బెజవాడ ఎండ, కృష్ణ మీది ఉక్క కలిస్తే పొద్దున ఆరున్నరకే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎండాకాలంలో తెల్లవారకముందే ముగించాలి, వేగం తగ్గించుకోవాలి, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. ఎండలో పరిగెత్తినవాళ్లు తడబడుతూ మాట్లాడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా వడదెబ్బేనని అనుకుని, వెంటనే నీడకి చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది మీ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

"ఆపెయ్" అని మాత్రం అనకండి. ఆ మాట వింటే ఏడుస్తుందన్నారు, నిజంగానే ఏడుస్తుంది. వరదలో పోయినవన్నీ పోగా తనంతట తను సంపాదించుకున్నది ఇదొక్కటే. డాక్టరు ఆపమన్న రోజుల్లో కూడా పొద్దున్నే లేవనివ్వండి, బూట్లు వేసుకోనివ్వండి, మీరూ తోడు వెళ్లి నడవండి.

డాక్టరు సరేనన్నాక ఒక ఆదివారం, పిల్ల ఇష్టపడితేనే, ట్రాఫిక్ మొదలవకముందు ప్రకాశం బ్యారేజీకి వెళ్లండి. 2024లో ఆ గేట్ల కింద నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. ఇప్పుడు పొద్దున్నే చూస్తే అటు ఇంద్రకీలాద్రి మీద దీపాలు, ఇటు నిలకడగా నీళ్లు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, సీతానగరం గట్టు దాకా వెళ్లి వస్తే రెండున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ. మీరు ఇటు చివర నుంచి నడవడం మొదలుపెట్టండి. తనని మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తి, అటు చివర తాకి వెనక్కి రమ్మనండి. ఎక్కడో మధ్యలో మీరిద్దరూ ఎదురుపడతారు. అప్పుడు ఆగి మీ పక్కన నడిచిందో, చెయ్యి ఊపి సాగిపోయిందో నాకు రాయండి.